నాలుగో చెక్క

గ్లాసులో టీ మీద మీగడ కట్టింది. మొహిద్దీన్ దాని వంక కూడా చూడలేదు.

"ఇది మూడోసారి వేడి చెయ్యడం. ఇంక నా వల్ల కాదు," అంది సయీదా.

కాదు అందే గానీ, గ్లాసు లోపలికి తీసుకెళ్ళి నాలుగోసారి కూడా వేడి చేసి తెచ్చింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ కోపాలన్నీ ఇలాగే వంటింటి గడప దాటేలోపు చల్లారిపోతూ వచ్చాయి. ఈ ఆరు రోజులుగా అసలు కోపమే రావడం లేదు. కోపం తెచ్చుకునే హక్కు తనకు లేదని ఆవిడకు తెలుసు.

మొహిద్దీన్ గుమ్మంలో స్టూలు వేసుకుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. సస్పెన్షన్లో ఉన్న మనిషి యూనిఫాం వేసుకోకూడదన్నారు. బూట్ల సంగతి ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి అవన్నా వేసుకుపోతానని ఆయన పట్టుదల. పెట్టిన పాలిషే మళ్ళీ పెడుతున్నాడు.

ఎదురుగా కొడుకు అక్రం కాగితం పట్టుకుని నిలబడ్డాడు. నరసరావుపేటలో ఏసీలు బాగుచేసే కొట్టు వాడిది. ఆరు రోజులుగా ఆ కొట్టుకు తాళం. బడిపిల్లాడి చేత పద్యం అప్పజెప్పించుకున్నట్టు తండ్రి చేత వాంగ్మూలం అప్పజెప్పించుకుంటున్నాడు.

"పెట్టెలో చెక్కలు నాలుగున్నయి. నాలుగూ వేశానని వెంకట సాయి చెప్పాడు. ఆ మాట నమ్మి సంతకం చేశాను. అంతే అబ్బా. ఇంకో ముక్క మాట్లాడొద్దు."

"వాడు మూడే ఉన్నయ్యంటన్నాడు గదరా."

"అంటాడు. వాడి ఉద్యోగం వాడికి కావాల గదా."

మొహిద్దీన్ బూటు కింద పెట్టి రెండోది తీసుకున్నాడు. ఆ ఇంట్లో మామూలు మాటలు ఉర్దూలో నడుస్తాయి. తగాదా వచ్చిందంటే మాత్రం, అబ్బా, అమ్మీ అన్న పిలుపులు తప్ప, ముగ్గురూ తెలుగులోకి దిగిపోతారు. యార్డులో తెలుగులోనే కేకలు వేసుకుని, తెలుగులోనే తిట్టుకుని బతికిన ఇల్లది. వారం నుంచి ఆ ఇంట్లో ఉర్దూ వినపడలేదు.

తుమ్మలగట్టు స్టేషన్ పెద్దదేమీ కాదు. ఉన్న మూడు నాలుగు పట్టాల్లోనే సిమెంటు గూడ్సులూ, మాచర్లకూ గుంటూరుకూ మధ్య తిరిగే ప్యాసింజర్లూ సర్దుకోవాలి. సర్దుకోవడమంటే గూడ్సు ముందు, మనుషులు తర్వాత. నరసరావుపేటలో కాలేజీకి పోయే పిల్లలూ, కచేరీకి పోయే వాయిదాల వాళ్ళూ, ఆసుపత్రికి పోయే ముసలివాళ్ళూ ప్లాట్‌ఫారం మీద ఆవలిస్తూ, తమకంటే ముందు సిమెంటు మూటలు ఊరు దాటిపోవడం చూస్తూ ఉంటారు. ఏళ్ళ తరబడి చూసీ చూసీ తిట్టడం కూడా మానేశారు.

సరుకు దించే సైడింగు కాస్త పల్లంలో ఉంది. అక్కడ నిలబెట్టిన వ్యాగన్లకు బ్రేకులు బిగించి, జారకుండా చక్రాల కింద, పక్కన పెట్టెలో ఉంచే ముక్కోణపు చెక్కలు నాలుగు వెయ్యాలి. చెక్కలు వేసేది చిన్న పాయింట్స్‌మన్, ఇప్పుడు వెంకట సాయి. చూసి రిజిస్టర్లో సంతకం పెట్టాల్సింది పెద్ద పాయింట్స్‌మన్ మొహిద్దీన్. మోకాళ్ళు అరిగాక ఆయన చక్రాల దాకా నడవడం మానేశాడు. దూరం నుంచే "వేశావా?" అని కేకేస్తాడు. "వేశా బాబాయ్" అని జవాబొస్తే సంతకం పెడతాడు. అలా ఆ కేకే యార్డుకు రూలై కూర్చుంది.

పోయిన మంగళవారం కూడా కేక వేశాడు, జవాబొచ్చింది, సంతకం పెట్టాడు. విడిగా నిలబెట్టిన రెండు వ్యాగన్లకు బ్రేకు సరిగా పట్టలేదు. నాలుగో చక్రం కింద చెక్క బదులు కంకరరాయి ఉంది. రాయి చితికి, మిగతా చెక్కలు బరువుకు నిలవక, వ్యాగన్లు కదిలాయి. లోపల మూటలు దించుతున్న హమాలీ పుల్లారావు భయపడి దూకి తుంటి విరగ్గొట్టుకున్నాడు. వస్తున్న ప్యాసింజరు సిగ్నలు అవతలే ఆగింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఇంకా ఎన్ని ఇళ్ళల్లో ఏడుపులు వినాల్సి వచ్చేదో.

వెంకట సాయి ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. ఇంకా పర్మనెంటు కాలేదు. పెట్టెలో మూడే ఉన్నాయనీ, నాలుగోదానికి రాయి పెట్టాననీ, కేకకు అలవాటు కొద్దీ వేశానన్నాననీ చెబుతున్నాడు. అంతకు ముందరి శుక్రవారం నమాజుకు పోతూ తానే లెక్కపెట్టాననీ, నాలుగున్నాయనీ మొహిద్దీన్ చెబుతున్నాడు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని స్టేషనంతా అనుకుంటోంది. అది ఎవరో తేల్చడానికి ఈరోజు గుంటూరు నుంచి ఆఫీసర్లు వస్తున్నారు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారని తెలిసిన మనిషి సయీదా.

రైల్వే క్వార్టర్లలో ఆ చెక్క లేని ఇల్లుండదు. అంచులు విరిగి పనికిరాకుండా పోయినవాటిని పెట్టె పక్కన పడేస్తారు. కావలసినవాళ్ళు తెచ్చుకుంటారు. ఒకరింట్లో బియ్యం డబ్బా కింద, ఒకరింట్లో మంచం కోడు కింద. సయీదా కుట్టుమిషను కింద ఒకటి పన్నెండేళ్ళు పనిచేసింది. చివరికి దానికి చెదలు పట్టాయి. బడులు తెరిచారు, నలభై జతల యూనిఫాంలు కుట్టివ్వాలి. తొక్కినప్పుడల్లా మిషను ఊగి కుట్టు వంకరపోతోంది.

ప్రమాదానికి రెండు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం, ఆయనకు అన్నం క్యారియరు ఇచ్చి వస్తూ పెట్టె దగ్గర ఆగింది. పక్కన పాతవి ఒక్కటీ లేవు. మూత తీసి, పైనున్న చెక్కను సంచిలో వేసుకుంది. సాయంత్రం చెబుదాంలే అనుకుంది. సాయంత్రం ఆయన కుంటుకుంటూ వచ్చాడు. మోకాళ్ళకు తైలం రాస్తూ వేరే ఏదో మాట్లాడింది. అసలు మాట మరిచిపోయింది. అంతకు మించి ఇందులో కుట్రా లేదు, కుతంత్రమూ లేదు.

మంగళవారం మధ్యాహ్నానికి అది గుర్తొచ్చింది. అప్పటికే పుల్లారావును ఆటోలో పేటకు తీసుకుపోయారు.

ఆ తర్వాత మిషను మీద దుప్పటి కప్పేసింది. నోరు తెరుద్దామనుకున్న ప్రతిసారీ మొగుడి మొహం చూసి మూసుకుంది. డ్యూటీ పెట్టెలోంచి పాయింట్స్‌మన్ భార్య సరుకు పట్టుకుపోయిందంటే ఆయన్ను ఏం చేస్తారో ఆవిడకు తెలియదు. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. తెలియకపోవడం వల్ల భయం ఇంకా పెరిగింది. నిన్న సాయంత్రం మోయలేక అక్రంకు చెప్పేసింది. వాడు తాను చూసుకుంటాననీ, ఆవిణ్ణి మాత్రం నోరు విప్పొద్దనీ అన్నాడు.

"సయీదా," అన్నాడు మొహిద్దీన్.

ఆవిడ ఉలిక్కిపడింది.

"నువ్వు నిజం చెప్పు. నాకు మతిమరుపు వచ్చిందా?"

"అదేం మాట?"

"మొన్న కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికాను గదా. నువ్వూ నవ్వావు. లెక్క కూడా అట్టాగే తప్పానేమో." బూటును చేతిలో తిప్పుకుంటూ ఉండిపోయాడు. "ఆ పిల్లోడి మొహం చూస్తే అబద్ధం చెప్తన్నట్టు లేదు. మరి తప్పింది నేనే అయ్యుండాల."

సయీదా చూపు మిషను మీది దుప్పటి వైపు పోయింది. ఆయన తిట్టినా బాగుండేది. ముప్ఫై రెండేళ్ళు చీకట్లో, వానలో, ఎండలో యార్డులో తిరిగి, ఏ వ్యాగను ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగిన మనిషి తన బుర్రనే తాను అనుమానించుకుంటున్నాడు.

"నువ్వు తప్పలేదు అబ్బా," అన్నాడు అక్రం గట్టిగా. "నాలుగున్నయి. అదే చెప్పు."

"నీకెట్టా తెలుసురా?"

అక్రం తల్లి వంక చూశాడు. సయీదా టీ గ్లాసు వంక చూసింది. బయట ఏదో ఇంజను చాలాసేపు బుసకొట్టి ఊరుకుంది.

మొహిద్దీన్ బూట్లు తొడుక్కుని లేచాడు. ఆఫీసర్లు ప్యాసింజరులో వస్తున్నారు, ముందు గూడ్సు ఉండటంతో అది గంటన్నర లేటు. ఇంకాసేపు ఇంట్లో ఉండొచ్చు. అయినా స్టేషన్లోనే కూర్చుంటానని, అన్నం వద్దని, కాగితం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. టీ గ్లాసు అలాగే ఉంది.

ఆయన మలుపు తిరిగేదాకా చూసి సయీదా లోపలికొచ్చింది. ఇంక చాలనిపించింది. మిషను మీది దుప్పటి లాగి, కిందికి వంగింది.

మిషను కాలి కింద ఇటుక ముక్క ఉంది.

"చెక్క ఏదిరా?"

"ఉండాల్సిన చోట ఉంది."

"ఏ చోట?"

అక్రం కాగితాన్ని మడతలు పెట్టాడు. రెండోసారి అడిగితే చెప్పాడు. తెల్లవారుజామున, వెంకట సాయి నీళ్ళు పట్టుకోవడానికి బోరింగు దగ్గరికి పోయినప్పుడు, దాన్ని వాళ్ళ పెరట్లో తొట్టి పక్కన పడేసి వచ్చాడట. ఆఫీసర్లు క్వార్టర్లు ఎటూ వెతికిస్తారు. ఎవరో ఒకరి కంటబడుతుంది.

సయీదా కింద కూలబడింది. మధ్యలో ఒక్క గోడ. ఐదు నెలలుగా ఆ గోడ మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగాయి.

"వాడు చిన్నోడు అమ్మీ. ఈ ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాడు. అబ్బాకి ఇంకో పింఛను యాడ దొరుకుద్ది? నువ్వు చెప్పు." వాడు మడిచిన కాగితాన్ని మళ్ళీ విప్పాడు. "నాకు మాత్రం సరదానా?"

వాడన్నదాంట్లో కొట్టిపారేయడానికి ఏమీ దొరకలేదు. అదే ఆవిణ్ణి మరీ నీరసపరిచింది. కొడుకును కొట్టే వయసు ఎప్పుడో దాటిపోయింది.

"నేను చేసింది తెలివితక్కువ పని," అంది చివరికి. "నువ్వు చేసింది అది కాదురా."

అప్పుడు గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది.

వెంకట సాయి భార్య లహరి నిలబడి ఉంది. రోజూ పొద్దున్నే వచ్చి, చూపు ఆనని సయీదాకు సూదుల్లో దారాలు ఎక్కించి పోయే పిల్ల. మంగళవారం తర్వాత ఈ గుమ్మం తొక్కలేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో చెక్క ఉంది.

అక్రం గోడ వైపు తిరిగాడు.

"ఇది మా తొట్టి పక్కన పడుందత్తా," అంది లహరి.

ఆ పిల్ల దగ్గరికొచ్చి, చెక్కను వెనక్కి తిప్పి చూపించింది. మిషను నూనె మరక. పగులులో ఇరుక్కున్న నీలం దారం, యూనిఫాంలకు వాడినదే. దాన్ని చూపించిందే గానీ దాని గురించి ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేదు. ప్రమాదానికి ముందురోజు, సోమవారం పొద్దున, దారం ఎక్కిస్తూ, మిషను ఈరోజు ఊగట్లేదే అని మెచ్చుకున్నది ఆ పిల్లే.

"సాయికి చూపించావా?" అని అడిగింది సయీదా.

"లేదు. ఆయన స్టేషన్‌కి పోయాడు." లహరి చెక్కను మిషను బల్ల మీద పెట్టింది. చెంగుతో చేతులు తుడుచుకుంది. "మిషను ఊగుద్దేమో. పెట్టుకో అత్తా."

అంతే. ఏడవలేదు, శపించలేదు, బతిమాలలేదు. వచ్చిన దారినే తిరిగి గోడ అవతలికి పోయింది. పోతూ పోతూ అలవాటు కొద్దీ, పిల్లి రాకుండా తలుపు దగ్గరగా వేసింది.

సయీదా లేచి, నీళ్ళతో మొహం కడుక్కుని, ముసుగు సర్దుకుని, చెక్కను చేతిలోకి తీసుకుంది. సంచిలో వేసుకోలేదు. సంచిలో వేసుకుని వచ్చిన దానికే ఇంత జరిగింది.

అక్రం గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"అమ్మీ, అబ్బా ఏమైపోతాడో ఆలోచించావా?"

"ఆరు రోజులుగా అదే ఆలోచిస్తన్నా. తప్పుకో."

వాడు తప్పుకున్నాడు. ఆవిడ అనుకున్నంత సేపు కూడా అడ్డం నిలబడలేదు. పాపం, వాడూ అలసిపోయాడు.

బయట ఎండ చురుక్కుమంటోంది. ప్యాసింజరు అప్పుడే వచ్చి, జనాన్ని దించి వెళ్ళిపోయింది. క్వార్టర్లకూ స్టేషన్‌కూ మధ్య పట్టాల మీద సిమెంటు గూడ్సు అడ్డంగా నిలబడి ఉంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా వ్యాగన్లే. చుట్టూ తిరిగి పోవాలంటే పావుగంట నడక. జనమంతా కిందనుంచి దూరిపోతారు. పెళ్ళై వచ్చిన మొదటి వారంలోనే, నిలబడి ఉన్నా సరే వ్యాగను కిందనుంచి దూరనని మొహిద్దీన్ ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడు. ఈ ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా దూరలేదు.

ఆగి, కిందికి వంగి చూసింది. చక్రాల మధ్య నుంచి అవతల ఎత్తులేని ప్లాట్‌ఫారం, దాని అంచున కాళ్ళు, బ్యాగులు కనిపించాయి. వాటి మధ్య తళతళలాడుతున్న నల్ల బూట్లు. ఆ స్టేషన్లో అంత పాలిష్ ఉన్న బూట్లు ఆ ఒక్క మనిషివే.

"ఏమండీ."

బూట్లు కదిలాయి. ఆయనకు వంగడం కష్టం. చెయ్యి నేలకానించి, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది మోపి, తల వంచాడు. వ్యాగను కింద నుంచి మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వెందుకొచ్చావు? ఎండలో..." అంటూ ఆగిపోయాడు.

ఆవిడ చెక్కను ముందుకు చాపింది. ఇనుపకడ్డీ కాల్చి ప్రతి చెక్క మీదా అంకె వేసేది ఆయనే. దాని మీద నాలుగు అని ఉంది.

"మీరు లెక్క తప్పలేదండీ," అంది సయీదా. "నాలుగే ఉన్నయి. ఆదివారం ఒకటి నేను తెచ్చుకున్నా. మిషను కిందికి."

మొహిద్దీన్ చెక్క వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. మొహంలో కోపం కనపడలేదు. ఇంకేం కనపడిందో ఆవిడ పోల్చుకునే లోపలే ముందెక్కడో ఇంజను కూత పెట్టింది. వ్యాగన్లు ఒకదాని తర్వాత ఒకటి ఠంగుమని, కుదుపు ఆవిడ ముందున్న వ్యాగను దాకా వచ్చింది.

"వెనక్కి జరుగు," అన్నాడు ఆయన. "సయీదా, వెనక్కి జరుగు."

ఆవిడ జరిగింది. చక్రాలు తిరగడం మొదలైంది. వ్యాగనుకూ వ్యాగనుకూ మధ్య సందులోంచి ఆయన ముక్కలు ముక్కలుగా కనిపించాడు. ఒక సందులో మోకాళ్ళ మీదే ఉన్నాడు. ఇంకో సందులో స్తంభం పట్టుకుని లేస్తున్నాడు. ఇంకో సందులో స్టేషన్ మాస్టరు అమరేశ్వరరావు వచ్చి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. తర్వాతి సందులో ఇద్దరూ లేరు.

గూడ్సుకు తొందరేముంది. ప్రతి వ్యాగనూ ఆవిడ ముందు తీరిగ్గా దొర్లుకుంటూ పోయింది. తొందరగా పొమ్మని అరవడానికి ఓపిక లేదు. సిమెంటు దుమ్ములో కళ్ళు చికిలించుకుని, చెక్కను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. పోయినవి పోగా ఇంకా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టబోయి మధ్యలో వదిలేసింది.

చివరి వ్యాగను దాటాక ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. వెంకట సాయి ఒక్కడే ఆఫీసు గోడకానుకుని గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ణి చూశాడు, చేతిలోది చూశాడు, లేచి నిలబడ్డాడు. ఆఫీసు తలుపు మూసి ఉంది.

సయీదా పట్టాలు దాటి మెట్టెక్కింది. లోపల ఎవరో కొత్త గొంతు, విసుగూ కోపమూ లేకుండా, రోజూ అడిగే ప్రశ్నలాగే అడుగుతోంది.

"శుక్రవారం మీరు చూసినప్పుడు పెట్టెలో ఎన్ని చెక్కలున్నాయి మొహిద్దీన్?"

కుర్చీ కదిలిన చప్పుడైంది.

"సరిగా గుర్తులేదండీ," అన్నాడు మొహిద్దీన్. "ఈమధ్య నాకు మతిమరుపు."

సయీదా తలుపు మీద చెయ్యి వేసింది.